గవర్రాజు వీపుకి కరెంటు

కాలవగట్టు వీధి మొత్తానికి బుర్రంటూ ఉన్నది తమ ఇంటికేనని గవర్రాజుకి గట్టి నమ్మకం. వాన మొదలవగానే, బావిలో చేద తడిసిపోతుందని పైకి లాగి ఇంట్లో పెట్టే కుటుంబం ఇంకెక్కడుంది మరి?

అలాంటి గవర్రాజుకి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. కాలు పడిపోయిందని కాదు అతని ఏడుపు. కొడుకులు పెద్దబ్బులు, చినబ్బులు పొద్దున్నే చెరో రెక్కా పట్టుకుని మరుగుదొడ్డికి మోసుకెళ్తారు. ఆపైన బయట నిలబడి "అయ్యిందా నాన్నా?" అని వీధంతా వినేలా అరుస్తారు. పరువు పోతోంది. ఒక్కసారి, తనొక్కడే, తన కాళ్ళ మీద అక్కడికి వెళ్ళాలి. అంతకుమించి కోరికే లేదు.

ఆస్పత్రిలో నడక నేర్పే దమయంతి ధైర్యం చెప్పింది. "కోతా లేదు, సూదీ లేదు. వెన్ను మీద బిళ్ళలు అంటించి సన్నగా కరెంటు పంపిస్తాం. నరాలకి అది సాయం చేస్తుంది, నడక మాత్రం మీరే నడవాలి. రేపు వీపు శుభ్రంగా కడుక్కుని రండి."

ఇంకేముంది! భార్య మంగతాయారు కొబ్బరిపీచుతో వీపు తళతళలాడేలా తోమింది. పొట్ట జోలికి పోలేదు, పొట్ట సంగతి ఎవరూ చెప్పలేదు కదా. మరి కడిగిన వీపు ఆటో సీటుకి తగిలితే మాసిపోదూ? అంతే, మొగుణ్ణి బోర్లా పడుకోబెట్టి తీసుకెళ్ళి బియ్యం బస్తాలా దింపారు.

దమయంతి బిళ్ళలు అంటించి మీట నొక్కింది. "ఎలా ఉందండీ?"

"వీపు మీద చీమలు పాకుతున్నట్టుందండి."

అంతే! మంగతాయారు సంచిలోంచి పసుపు పొట్లం తీసి వీపంతా చల్లేసింది. చీమలు ఎక్కడికీ పోలేదుగానీ బిళ్ళలన్నీ ఊడిపోయాయి.

దమయంతి అంతా తుడిచి, మళ్ళీ అంటించి, "కిందికి చూడకండి, ఎదురుగా చూస్తూ నడవండి" అంది. గవర్రాజు నడిచాడు! ఎడమకాలు కదిలింది! ఎదురుగా గోడ వచ్చింది. ఆగమని ఎవరూ అనలేదు. ముక్కు చదునైపోయినా కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు.

"అయ్యో, ఆగరేంటండీ!"

"నన్ను ఆపింది గోడండి. నేనైతే ఆగలేదు" అన్నాడు గర్వంగా.

దమయంతికి తత్వం బోధపడింది. వారాల తరబడి ప్రతి మాటా విడమరిచి చెబుతూ నడిపించింది. ఆఖరిరోజున ఇంటికి పంపేటప్పుడు మరీ జాగ్రత్తపడింది. "మంచం మీంచి లేవండి. కర్ర పట్టుకోండి. మరుగుదొడ్డి తలుపు దాకా నడవండి. తలుపుని గుద్దకండి. వెనక్కి తిరిగి మంచం దగ్గరికి వచ్చేయండి. రోజూ ఇదే. ఒక్క ముక్క కూడా అటూ ఇటూ చెయ్యొద్దు."

మర్నాడు పొద్దున్నే గవర్రాజుకి కడుపులో గడబిడ మొదలైంది. అబ్బులిద్దరూ లేచారు.

"ఎవడూ ముట్టుకోకండ్రా!" అంటూ కర్ర అందుకున్నాడు గవర్రాజు.

అడుగు తర్వాత అడుగు. ఎడమకాలు కాస్త ఈడుస్తూనే వెళ్ళాడు. మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుని సంతోషంతో ఏడ్చింది. తలుపు రానే వచ్చింది. దాన్ని చేత్తో తాకేసరికి అతని కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. పెళ్ళిపీటల మీద కూడా అంత గొప్పగా అనిపించలేదు.

అంతే. బుద్ధిగా వెనక్కి తిరిగి, పొట్ట బిగపట్టుకుని, చెమటలు కక్కుతూ నడిచొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"చూశావుటే, ఒక్క ముక్క తప్పలేదు!" అన్నాడు పెళ్ళాంతో. ఆపైన గొంతు చించుకుని కేకేశాడు. "ఒరేయ్ అబ్బుల్లారా, తొందరగా రండ్రా! నన్ను మరుగుదొడ్డికి మోసుకెళ్ళండి!"