తృప్తిని ఉతికిన లాడ్జీ

ఇది అబద్ధమనే మొనగాడెవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. ఎవరూ లేవలేదుగా, అయితే వినండి.

అరకులోయలో గవరయ్య, అతని పెళ్ళాం నూకాలు, తమ్ముడు పైడయ్య కలిసి ఒక లాడ్జీ చూసుకునేవాళ్ళు. తక్కెడలో తమ ముగ్గురి తెలివినీ ఒక వైపు, ఎదురుగా ఉన్న కొండను ఇంకో వైపు పెడితే కొండే పైకి లేస్తుందని గవరయ్య నమ్మకం.

ఒకరోజు యజమాని వరహాలరావు వచ్చాడు.

"నీళ్ళు పొదుపు చేసే లాడ్జీలకి ఆకుపచ్చ బోర్డు ఇస్తున్నారు. రేపు ఆ ఆఫీసరు పరాంకుశంగారు వచ్చి, గదిలో దిగి పరీక్ష చేస్తారు. తువ్వాళ్ళ దగ్గర జాగ్రత్త. కొక్కేనికి వేలాడేది ఆయన మళ్ళీ వాడుకుంటారు, ముట్టుకోవద్దు. నేల మీద పడ్డదే ఉతకండి. తృప్తిగా ఉందని ఆయన మన లాడ్జీ పుస్తకంలో రాస్తే మీ ఉద్యోగాలుంటాయి. లేదా, ముగ్గురూ కొండ దిగడమే."

"ఇంత చిన్న సంగతి మాకు చెప్పాలా బాబూ" అన్నాడు గవరయ్య.

మర్నాడు పరాంకుశంగారు గదిలోకొచ్చి పెట్టె కింద పెట్టారు. అంతే, పైడయ్య దాన్ని ఉతికేశాడు. బూట్లు విప్పారు. అవీ ఉతికేశాడు. "పెట్టెలో నా కాగితాలయ్యా" అంటూ ఆయన నేల మీద చతికిలబడ్డారు. ఇంకేముంది.

"వదినా, ఈసారి పెద్దది పడింది. నువ్వు కాళ్ళు పట్టుకో."

నీళ్ళు పొదుపు చెయ్యాలి కదా, బూట్లు జాడించిన నీళ్ళలోనే ఆయన్నీ జాడించారు. ఆయన విదిలించుకుని ఒక్క గెంతులో గోడకున్న పెద్ద కొక్కేన్ని పట్టుకుని వేలాడారు.

"ఆగండి" అన్నాడు గవరయ్య. "వేలాడేది ముట్టుకోకూడదు. మళ్ళీ వాడుకుంటారు."

"ఎవరు మావా వాడుకునేది?" అంది నూకాలు.

"ఆయనే."

"దించండయ్యా, చేతులు ఊడిపోతున్నాయి."

"రూలు ఒప్పుకోదు బాబూ."

మూడు గంటలు వేలాడారు. కావాలంటే నాలుగనుకోండి. పుస్తకంలో ఇంకా ఏమీ పడలేదని గవరయ్యకి ఒకటే బెంగ. ఆఖరికి ఆయన కాళ్ళ కింద ఎత్తు బల్ల జరిపి, పుస్తకం అందించాడు.

"తృప్తిగా ఉందా బాబూ?"

ఆయన బల్ల మీద వణుకుతూ నిలబడి, 'పరమ తృప్తి. ఇంత నీటి పొదుపు ఎక్కడా చూడలేదు' అని రాసి, సంతకం గీకి, పుస్తకం విసిరేసి, కిటికీలోంచి దూకి పారిపోయారు. ముగ్గురూ గంతులేశారు. ఉద్యోగాలు నిలబడ్డాయి.

అంతలో పైడయ్య కిందకి చూశాడు. పుస్తకం నేల మీద ఉంది.

సాయంత్రం వరహాలరావు వచ్చేసరికి అది తీగ మీద ఆరుతోంది.

"చూడండి బాబూ" అన్నాడు గవరయ్య, పేజీ విప్పి. "ఒక్క మరక మిగల్లేదు."

ఇంకా నమ్మకం కుదరలేదా? బస్టాండు పక్కన ఇస్త్రీ బండి దాలినాయుణ్ణి అడగండి. ఆ పుస్తకాన్ని పేజీ పేజీ ఇస్త్రీ చేసింది ఆయనే.