గురువుగారి పేరు మీద వచ్చిన పరుపు

జోగినాథం గారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా మొదట దొరికే జవాబు ఒక్కటే: "చూద్దాం." ఆ చూద్దానికి గడువంటూ ఉండదు. కోపం ఎలా పోతుందండీ అని అడిగిన ఒకాయన ఏడు నెలల తర్వాత బస్సు కండక్టరు చొక్కా పట్టుకుని ఊగిపోతుంటే, వెనక సీట్లోంచి గురువుగారు "మీరు ఆ రోజు అడిగారు కదా" అని పలకరించారట. అందుకని ఆమదాలవలస రైలు గేటు అవతల ఉన్న ఆయన ఆశ్రమం పెంకుల సాలలో ప్రశ్న అడగడానికి జనం కొంచెం వెనకా ముందూ ఆలోచిస్తారు. కూర్మారావు మాత్రం ఆలోచించకుండా అడిగేశాడు.

"గురువుగారూ, మనిషి తనకి ఒళ్ళంటూ ఒకటుందన్న సంగతి ఎప్పుడు మర్చిపోగలడండీ?"

గురువుగారు అతని వంక ఒకసారి చూసి, "చూద్దాం" అన్నారు.

వినడానికి పెద్ద ప్రశ్నే. అయితే అది ఏ గ్రంథంలోంచీ పుట్టలేదు, కూర్మారావు నడుంలోంచి పుట్టింది. ఆయన నీటిపారుదల శాఖలో హెడ్ క్లర్కుగా రిటైరై, ఆదివారాలు ఆశ్రమంలో ఉపన్యాసం చెబుతుంటాడు. తాను గొప్ప వక్తనని ఆయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో ఇంకొకరికి వాటా లేదు, ఎందుకంటే ఆయన మాట్లాడుతున్నంతసేపూ శ్రద్ధగా వినేది ఆయనొక్కడే. మూడేళ్ళ కిందట ఒకనాడు, ఏం చెప్పాలో తోచక, "పరుపు మెత్తబడిన కొద్దీ బుద్ధి మొద్దుబారుతుంది" అని ఒక మాట విసిరాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన జీవితంలో అవే మొదటి చప్పట్లు. దాంతో ఆగక, "నేను ఈ రోజు నుంచి నేల మీదే" అనేశాడు.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఈశ్వరమ్మ గారు ఒకరు. సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. వారానికి రెండు రోజులు ఆశ్రమం అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల వాళ్ళ పుళ్ళకి కట్లు కడుతుంది, మందులిస్తుంది. ఆ ఉపన్యాసం విని ఆవిడ ఇంటికెళ్ళి, టేకు మంచం తీసుకెళ్ళి పనిమనిషి కూతురికి ఇచ్చేసి, చాప పరుచుకుంది. మర్నాడు ఆ సంగతి అందరి ముందూ చెప్పింది. ఇక కూర్మారావుకి వెనక్కి వచ్చే దారి లేకుండా పోయింది. మూడేళ్ళుగా ఇంట్లో భార్య సింహాచలం మంచం మీదా, ఆయన ఆ మంచం పక్కన చాప మీదా పడుకుంటున్నారు. ఇప్పుడాయన కింద కూర్చుని లేవాలంటే ముందు పక్కకి ఒరగాలి, తర్వాత గోడ అందుకోవాలి, ఆ తర్వాత దేవుణ్ణి తలుచుకోవాలి. ఈ మూడూ జరుగుతుండగా ఎవరైనా చూస్తే, ఏదో ఆసనం వేస్తున్నట్టు ముఖం పెట్టాలి.

చివరికి ఒక మధ్యాహ్నం ఫోనులో ఫోము పరుపు ప్రకటన కనబడింది. వంద రాత్రులు పడుకుని చూడండి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాం అని ఉంది. కూర్మారావు మనసు తేలికపడింది. వంద రాత్రుల తర్వాత తిరిగి ఇచ్చేసేదాన్ని సుఖం అనరు, పరీక్ష అంటారు అని తనకి తానే ఉపన్యాసం చెప్పుకున్నాడు. ఈసారి శ్రోతకి కూడా బాగా నచ్చింది. మేడ మీద సామాన్ల గదిలో వేసుకుంటే పిట్టకి కూడా తెలియదు. మందం ఎంతో చూశాడు, పొడవెంతో చూశాడు, రంగు బూడిదదా నీలందా అని పావుగంట తర్జనభర్జన పడ్డాడు. నొక్కేశాడు. చూడనిది ఒక్కటే. అంతకుముందు ఆ ఫోనులోంచి ఆయన తెప్పించినవి ఆశ్రమానికి రెండు డజన్ల చాపలు. గురువుగారి పేరూ, ఆశ్రమం అడ్రసూ అందులో అలాగే ఉండిపోయాయి.

ఆదివారం ఆశ్రమంలో ముప్ఫైమంది దాకా ఉన్నారు. అక్కడొక పద్ధతి ఉంది. లోపలికి వచ్చేవాళ్ళు ఫోను నోరు మూసి, గురువుగారి పక్కనున్న వెదురు బుట్టలో పెట్టాలి. కూర్మారావు బల్ల దగ్గర నిలబడి, "ఈ నేలని మించిన పాన్పు ఏదీ, అని అడుగుతున్నాను" అంటుండగా గేటు దగ్గర వ్యాను ఆగింది. గుబురు మీసాల మనిషి ఒకడు నిలువెత్తు అట్టపెట్టెని కౌగిలించుకుని లోపలికి వచ్చాడు.

"జోగినాథం గారి ఆశ్రమం ఇదేనాండీ? పరుపు వచ్చింది."

కూర్మారావు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చెవుల్లో రైలింజను కూత మోగింది. గేటు అవతల చూస్తే రైలేమీ లేదు.

"ఓటీపీ చెప్పండి బాబూ. చెప్పకపోతే ఇవ్వడానికి నాకు రూల్ లేదు" అన్నాడు మీసాలాయన, ఫోనులో ఏదో నొక్కుతూ.

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంతలో బుట్టలో ఒక ఫోను వెలిగింది. గురువుగారు వంగి, దాన్ని తీసి, కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, "ఆరు, సున్నా, ఆరు, రెండు" అని చదివారు. తర్వాత ఫోనుని తిప్పి చూశారు. దాని వెనకాల అట్ట మీద కూర్మారావు భార్య సింహాచలం అంటించిన శ్రీకూర్మనాథుడి బొమ్మ ఉంది. ఆ బొమ్మ ఎవరికీ కనబడకుండా కిందికి వచ్చేలా, మిగతా ఫోన్ల అడుగున పెట్టేశారు. కూర్మారావు వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని కూర్మారావుకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

"మన పేరు మీదే వచ్చింది. విప్పండి" అన్నారు గురువుగారు.

పెట్టెలో ఉన్నది చాపచుట్టలా గట్టిగా చుట్టిన ప్లాస్టిక్ మూట. ఈశ్వరమ్మ గారు కట్లు కత్తిరించే కత్తెర తెచ్చి ఒక మూల కోసింది. అంతే. బుస్సుమంటూ ఆ మూట విప్పుకుంది, ఉబ్బింది, దొర్లింది, నలుగురు మనుషులు పట్టే చోటంతా ఆక్రమించి ఊపిరి పీల్చుకుంటున్నట్టు పైకి లేవసాగింది. ఆవిడ కత్తెర వదిలేసి మూడడుగులు వెనక్కి గెంతింది.

"ఓలమ్మో! ప్రాణం ఉందేటండీ దీనికి?"

గురువుగారు దగ్గరికి వెళ్ళి అరచేతితో నొక్కారు. చెయ్యి తీశాక కూడా అయిదు వేళ్ళ గుర్తూ కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా మాసిపోయింది. పసిపిల్లాడిలా ఇంకోసారి నొక్కి చూశారు. ముప్ఫై ఏళ్ళుగా సిమెంటు అరుగు మీద తలగడ కూడా లేకుండా పడుకునే మనిషి. ఆ అరుగు చూడటానికే పక్క జిల్లా నుంచి జనం వస్తారు. అలాంటి గురువుగారు పంచె సర్దుకుని, అందరూ చూస్తుండగా ఆ పరుపు ఎక్కి, గోడ వైపు తిరిగి పడుకున్నారు.

"మీరు కానివ్వండి కూర్మారావు గారూ. నేల గురించి చెబుతున్నారు."

కూర్మారావు కానిచ్చాడు. ఏం చెప్పాడో ఆయనకే తెలియదు. రెండు నిమిషాల్లో గురువుగారి గురక మొదలైంది. భూమాత ఒడి అని ఆయన అన్నప్పుడల్లా పరుపు మీంచి గురక తాళం వేసింది. ముప్ఫైమందిలో ఒక్కరు కూడా ఉపన్యాసకుడి వైపు చూడలేదు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. దృశ్యం మారలేదు.

సోమవారానికి ఊరంతా పాకింది. "జోగినాథం గారు ఫోము పరుపు తెప్పించుకున్నారట, రెండు పూటలా దాని మీదే అట" అని టీ కొట్టులో చెప్పుకున్నారు. సోమవారం సభకి పద్దెనిమిదిమంది వచ్చారు, మంగళవారం ఏడుగురు. రోజూ పాలు తెచ్చే ఆయన గేటు బయటే చెంబు పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట కూర్మారావు నాలుక చివరిదాకా వచ్చేది, అక్కడ మూడేళ్ళ కిందటి చప్పట్లు వినబడి వెనక్కి పోయేది. సోమవారం, జనం చల్లారాక చెబుదాం అనుకున్నాడు. మంగళవారం, గురువుగారికి ఎలాగూ నచ్చింది, నిజం చెప్పి ముసలాయన సుఖం చెడగొట్టడమెందుకు అనుకున్నాడు. ఇంత దయగల హృదయం తనకి ఉన్నట్టు అప్పటిదాకా ఆయనకే తెలియదు.

బుధవారం పొద్దున్న చాప మీద పడి ఉండగా పరుపు కంపెనీ నుంచి ఫోను వచ్చింది.

"సర్, మూడు రాత్రులు పూర్తయ్యాయి. మా పరుపు మీద నిద్ర ఎలా పడుతోందండీ?"

"దివ్యంగా ఉందమ్మా" అన్నాడు కూర్మారావు, నడుం కింద చెయ్యి పెట్టుకుని.

"థాంక్యూ సర్. ఎన్ని స్టార్లు ఇస్తారు?"

"అయిదూ ఇచ్చుకో."

మంచం మీంచి సింహాచలం తల వంచి చూసింది. "కటిక నేల మీద పడుకుని స్టార్లు పంచుతున్నారేటండీ? నడుంతో పాటు బుర్ర కూడా పట్టేసిందా?"

గురువారం ఈశ్వరమ్మ గారు వచ్చింది. సాలలో గురువుగారూ, ఆ మూల గోడకి చేరగిలబడిన కూర్మారావూ తప్ప ఎవరూ లేరు. గురువుగారు పరుపు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"గురువుగారూ, ఈ పరుపు మీరు తెప్పించారా?"

"నా పేరు మీదే వచ్చిందమ్మా."

"పేరు సంగతి నేనడగలేదు. మీరు కోరి తెప్పించుకున్నారా?"

"పడుకుంటే బాగుంది" అన్నారాయన, ఇంకో కాయ తీసుకుని.

ఆవిడ చాలా మెల్లగా అంది. "మూడేళ్ళయింది నేను మంచం వదిలి. పొద్దున్న లేవాలంటే ముందు బోర్లా తిరుగుతాను. మోకాళ్ళ మీద తలుపు దాకా పాకుతాను. గొళ్ళెం పట్టుకుని లేస్తాను. అరవై ఏడేళ్ళ మనిషిని, నా ఇంట్లో నేను పసిపిల్లలా పాకుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా గురువుగారు సిమెంటు మీద పడుకుంటున్నారు, నాకేం అనుకున్నాను." కొంగు ముడి విప్పి, మందుల బీరువా తాళంచెవి తీసి పరుపు మీద పెట్టింది. ఆ బరువుకి కూడా పరుపు కొంచెం కుంగింది. "రేపు కట్లు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకి మీరే ఏదో ఒకటి చెప్పుకోండి. నేనింక రాను."

గురువుగారు తాళంచెవి వైపు చూశారు. ఆవిడ చెప్పులేసుకుని, ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ గేటు వైపు నడిచింది. ఇన్నాళ్ళూ ఆ నడకని కూర్మారావు వయసు అనుకున్నాడు. అది వయసు కాదు. అది తన ఉపన్యాసం.

ఎప్పుడు లేచాడో, సాల ఎలా దాటాడో, మెట్లు ఎన్ని దిగాడో ఆయనకి తెలియదు. ఈశ్వరమ్మ గారు గేటు గడియ మీద చెయ్యి వేసేసరికి ఆవిడకి ఎదురుగా, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు.

"ఆ పరుపు నాదమ్మా!"

"ఏటీ?"

"నాదే. నేనే తెప్పించుకున్నాను, అడ్రసు మార్చడం మర్చిపోయాను. ఆ రోజు బుట్టలో వెలిగింది నా ఫోనే. గురువుగారికి తెలుసు. ఆయన నా పరువు కాపాడుతూ తన పరువు పోగొట్టుకుంటుంటే, నాలుగు రోజులు కూర్చుని చూశాను. నాకు నడుం పోయిందమ్మా. మూడేళ్ళయింది. నేల నాకు పడదు. పడదని తెలిసీ ప్రతి ఆదివారం మీ అందరికీ నేల గొప్పదనం చెప్పాను."

ఈశ్వరమ్మ గారు గేటు వదిలేసి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మూడేళ్ళ నుంచి నడుం నొప్పైతే నాతో ఎందుకు చెప్పలేదండీ? నేను నర్సుని కానా?"

"మీరు నేల మీద పడుకుంటున్నారు కదమ్మా! ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"నేను పడుకున్నది మీరు పడుకుంటున్నారని!" ఆవిడ గొంతు గేటు దాటి రోడ్డు మీదికి వినబడింది. "మీరు వదిలేస్తే నేనూ వదిలేద్దామని ఎన్ని ఆదివారాలు మీ ముఖం వంక చూశానో! ఈ ముక్క ముందే ఏడ్చి ఉంటే ఇద్దరం సుఖంగా మంచం మీద పడుకునేవాళ్ళం కదా." ఒక్క క్షణం ఆగి, వేలు చూపించి అంది. "ఎవరి మంచం మీద వాళ్ళం."

అప్పటికి గురువుగారు మెట్లు దిగి నెమ్మదిగా వచ్చారు. ఒక చేతిలో తాళంచెవి ఉంది. ఈశ్వరమ్మ గారు చెయ్యి చాపి దాన్ని తీసుకుంది. కూర్మారావు ఆయన కాళ్ళకి దండం పెట్టాలని వంగాడు. సగం వంగేసరికి నడుంలో కలుక్కుమంది.

"అమ్మోయ్!"

ఇక పైకీ లేవలేక, కిందికీ పోలేక, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి ఆ వంపులోనే ఉండిపోయాడు. ఈశ్వరమ్మ గారు గబుక్కున భుజం పట్టుకుంది.

గురువుగారు కొంచెం వంగి, ఆయన ముఖంలోకి చూశారు.

"మీరు ఆ రోజు అడిగారు కదా. ఇంతసేపూ ఎక్కడికి పోయిందండీ ఆ ఒళ్ళు?"