నల్లబట్టల మీద తెల్లచారలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడేవి. నీళ్ళు కాచిన ప్రతి గిన్నెకీ అడుగున తెల్లటి పెచ్చు కట్టేది. ఆ నీళ్ళతోనే పైడమ్మ ఊరందరి బట్టలూ ఉతికేది.

ఏటా చలికాలంలో అయ్యప్ప మాల వేసుకున్న స్వాముల నల్లబట్టలన్నీ పైడమ్మకే వచ్చేవి. తను ముందు తలారా స్నానం చేసి, వాటిని విడిగా ఉతికేది. పదకొండేళ్ళలో ఒక్కరు కూడా వంక పెట్టలేదు. ఆవిడకున్న గొప్పంతా అదే, బంగారూ.

అయితే ఆ ఏడు పైడమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. మరి బండ మీద బట్ట బాదడం ఎలా? అప్పుడు మూత పైకి తెరుచుకునే వాషింగ్ మిషను ఒకటి కొనుక్కుంది.

మొదటిసారి స్వాముల బట్టలన్నీ అందులో కుక్కింది. మీద రెండు గుప్పెళ్ళు సబ్బుపొడి చల్లింది. మూతకున్న అద్దంలోంచి చూస్తే నురగే నురగ. "అబ్బో, నాకంటే బాగా ఉతుకుతోందే" అని మురిసిపోయింది. ఆరాక చూస్తే, నల్లపంచెల నిండా తెల్లచారలు.

ఆ స్వాములందరికీ పెద్దదిక్కు గురుస్వామి. ఆయన పూర్వం బస్సు కండక్టరు. మాట విసరకుండా ఉండలేడు. చార మీద వేలు రాసి, ఆ తెల్లటి వేలు చూపించి, "మాతా, విభూతి మేం పెట్టుకుంటాంగా, పంచెకి కూడా నువ్వెందుకు పెట్టావు?" అన్నాడు. మాలలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళని మాతా అనే పిలుస్తారులే. అందరూ నవ్వారు. పైడమ్మా నవ్వింది. కానీ ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

రెండోసారి ఏం చేసిందో తెలుసా? మురికి వదల్లేదు కాబోలనుకుని మూడో గుప్పెడు కూడా వేసింది. చారలు ఇంకా ఎక్కువయ్యాయి. పైగా ఆ ఏడే మొదటిసారి మాల వేసుకున్న ఏడేళ్ళ హంసిక, మెడంతా గోక్కుని ఎర్రగా చేసుకుంది. "గురుస్వామీ, ఈ జాకెట్టు ఒకటే దురద" అని ఏడుపుమొహం పెట్టింది.

ఈసారి గురుస్వామి హాస్యమాడలేదు. "మూడు రోజుల్లో ఇరుముడి కట్టుకుని కొండకి బయల్దేరతాం మాతా. ఈ ఒక్కసారీ చూడు. కుదరకపోతే వచ్చే ఏటి నుంచి మేమే ఉతుక్కుంటాంలే. నీ భుజం సంగతి మాకు తెలీదా" అన్నాడు. తిట్టినా పైడమ్మ అంత బాధపడేది కాదు.

ఆ తర్వాత ఆవిడ మిషన్ని తిట్టలేదు, నీళ్ళనీ తిట్టలేదు. నాకు ఆవిడలో నచ్చేది అదే. ముక్కాలిపీట లాక్కుని మిషను ముందు కూర్చుంది. చారలున్న పంచెలు నాలుగు లోపల వేసి, చిటికెడు పొడి కూడా వెయ్యకుండా వట్టి నీళ్ళతో తిప్పింది. లేచి అద్దంలోంచి చూసింది. నురగ.

పొడే వెయ్యలేదు కదా, మరి నురగ ఎక్కణ్ణించి వచ్చింది? కాస్త ఆలోచించు. అవును, బట్టల్లోనే దాక్కుని ఉంది. ఇన్నాళ్ళూ తను మురికి అనుకున్నది సబ్బే.

"బండ దగ్గర నేను మూడేసిసార్లు జాడించేదాన్ని కదా. మిషను రాగానే ఆ సంగతే మర్చిపోయానే" అనుకుంది. తన మీద తనకే నవ్వొచ్చింది.

అప్పుడు మూడోసారి మొదలుపెట్టింది. గుప్పెళ్ళు మానేసి, పెద్ద చెంచాతో ఒక్కటంటే ఒక్క చెంచాడు పొడి తీసింది. ఉప్పునీళ్ళల్లో పొడి తొందరగా కరగదు. అందుకని గోరువెచ్చటి నీళ్ళ చెంబులో కలిపి, అడుగున వేళ్ళు పెట్టి, పలుకు తగలట్లేదని చూసుకుని మరీ పోసింది. బట్టలు అటూ ఇటూ దొర్లాలి కదా, మిషనులో సగం దాకానే వేసింది. దాంతో ఒక్క మూట కాస్తా మూడు వాయిలైంది. ఉతకడం అయ్యాక, జాడించే మీట మళ్ళీ నొక్కింది. నీళ్ళు బయటికొచ్చే గొట్టం కింద గాజుగ్లాసు పట్టింది. బుడగలు కనిపించాయి. ఇంకోసారి జాడించింది. అప్పుడు గ్లాసులో నీళ్ళు ఒక్క బుడగ లేకుండా తేటగా నిలిచాయి. మూడు వాయిలకీ అలాగే గ్లాసు పట్టి చూసింది. చూసేవాళ్ళెవరూ లేరు, అయినా ఒక్క వాయి కూడా వదల్లేదు.

ఇరుముడి రోజు రానే వచ్చింది. గురుస్వామి పంచె మీద వేలు రాశాడు. వేలు చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు. "మాతా, ఇంక నా విభూతి డబ్బా నేనే వెతుక్కోవాలన్నమాట" అన్నాడు. పైడమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇరుముడి అంటే స్వాములు కొండకి తలమీద మోసుకెళ్ళే మూట. అయినవాళ్ళంతా అందులో తలా గుప్పెడు బియ్యం పోస్తారు. హంసిక తన జాకెట్టు మెడ దగ్గర ఓసారి తడుముకుంది. దురద లేదు. పరుగున వచ్చి పైడమ్మ చెయ్యి పట్టుకుని, "నా మూటలో నువ్వు కూడా పొయ్యి మాతా" అంది.

పైడమ్మ భుజం నొప్పి సంగతే మర్చిపోయింది. సబ్బుపొడికి చెంచా పట్టిన ఆ చెయ్యి, బియ్యం మాత్రం గుప్పెడు నిండా తీసుకుంది.

నురగ పోయె కాలవకి,
మూట చేరె కొండకి,
కథ వెళ్ళె కంచికి,
కళ్ళు వెళ్ళె నిద్దరకి.