మరిది మగ్గం అట్టలు

ప్రశ్న అడిగితే కోదండపాణి మాస్టారు నోరు విప్పరు, చెప్పులు వేసుకుంటారు. చీరాలలో ఆయన దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకున్న వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది.

ఆ సోమవారం అడిగింది హిమజ. చీర అంచులు గీసి, మగ్గం మీద అంచు నేతను నడిపే అట్టలకు ఎక్కడెక్కడ చిల్లులు కొట్టాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను నేత సంఘం కోసం ఆమె సొంతంగా రాసింది. కావలసిన అంచును నేతవాళ్లే నాలుగు మాటల్లో రాసుకునేలా అందులో ఒక చిన్న స్క్రిప్టింగ్ భాషను ఇమిడ్చింది. ఆదివారం ఆ భాష పాత వెర్షన్ తీసేసి కొత్తది పెట్టింది. అప్పటినుంచి ఒంటి గీత అంచు బాగానే వస్తోంది, మామిడి పిందెల అంచు అడిగితే మాత్రం సాఫ్ట్‌వేర్ కుప్పకూలుతోంది. బుధవారానికి అట్టలు అందకపోతే ముప్ఫై రెండు మగ్గాలు ఆగిపోతాయి.

"రెండు వందల పద్నాలుగు ఫంక్షన్లు మాస్టారూ! ఒక్కొక్కటీ సరిచూశాను. పాత వెర్షన్‌తో పేర్లన్నీ కలిశాయి. మరి తేడా ఎక్కడ?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ నేతగత్తె కనకరత్నం ఇంటికి వెళ్లారు. "మీ మరిది మగ్గం మీదా ఇదే అంచు కదమ్మా? ఆ అట్టలు తెచ్చి దీనికెక్కించు" అన్నారు మాస్టారు.

"ఏంది మాస్టారూ, పొద్దున్నే పరాచికాలా? చీర పాడవుద్ది."

"రెండు వేళ్ల మేర చాలు. ఈ అమ్మాయి చూడాలి."

కనకరత్నం గొణుక్కుంటూనే ఎక్కించి నేసింది. పిందె ఎడమ సగం ముద్దుగా తేలింది. కుడి సగం ఎలుక కొరికినట్టుంది.

హిమజ రెండు మగ్గాల అట్టలూ పక్కపక్కన పెట్టి కొలిచింది. చిల్లుకూ చిల్లుకూ మధ్య దూరంలో పావు మిల్లీమీటరు తేడా. పదమూడో చిల్లు దగ్గరికి అది మూడు మిల్లీమీటర్లు. అక్కడ మగ్గం సూది చిల్లులో దూరక అట్టకే గుద్దుకుంటోంది.

"తప్పు అట్టదా, మగ్గానిదా పిన్నీ?"

కనకరత్నం నవ్వింది. "అట్టా మంచిదే, మగ్గమూ మంచిదే. ఈ మగ్గం కొలతకి మళ్లీ కొట్టుకోవాల, అంతే."

హిమజ పరుగున కంప్యూటర్ దగ్గరికి వచ్చి కొత్త భాష కొలతలు తీసింది. ఒక్కో విలువకు మెమరీలో పదహారు బైట్ల చోటు ఉండేది, ఇప్పుడు ఇరవై నాలుగు. పాత కొలతతో యంత్రభాషలోకి మారిన, అంటే కంపైలైన సాఫ్ట్‌వేర్ మొదటి విలువను సరిగ్గానే అందుకుని, రెండోదాన్ని ఎనిమిది బైట్లు ఇవతలే వెతుకుతోంది. ఒంటి గీతకు ఒక్క విలువే చాలు, పిందెలకు చాలా కావాలి. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా, కొత్త కొలతలతో మళ్లీ కంపైల్ చేసింది. పిందెలు తోకలతో సహా వచ్చాయి.

"ముప్ఫై రెండు మగ్గాలూ ఆడుతున్నాయి మాస్టారూ!" అంది బుధవారం.

"మళ్లీ కొలత మారితే?"

"తెరవగానే సాఫ్ట్‌వేర్ ముందు ఆ భాషను దాని కొలత అడుగుతుంది. కలవకపోతే అక్కడే ఆగి చెబుతుంది."

మాస్టారు గుమ్మం దగ్గరి చెప్పుల వైపు చూశారు.

"పేరొక్కటే అడిగి ఊరుకోదన్నమాట. సరే, ఇవాళ్టికి వాటికి సెలవు."