వడియాల బరువు

పిల్లలూ, మీరు ఇంత దూరదేశంలో పెరుగుతున్నారు కాబట్టి ఈ కథ మీ చెవిన పడి ఉండదు. ఏ రాజ్యంలో జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు, ఊహించి చెప్పను.

అక్కడ మంత్రిగారు కట్టించిన కొత్త సత్రం కప్పు కూలి ఇద్దరు బాటసారుల కాళ్లు విరిగాయి. మంత్రిగారు ఎంతో శ్రమపడి కారణం కనిపెట్టారు. సత్రంలో వంటచేసే నూకాలు కప్పు మీద వడియాలు ఎండబెట్టిందట, ఆ బరువుకే కూలిందట! ఆమెను చెరసాలలో వేయించమని నిండు సభలో రాజుగారిని కోరారు.

"ఏమంటావు నూకాలూ?" అన్నారు రాజుగారు.

"తప్పు నాదే మహాప్రభో. మంత్రిగారు కట్టించిన కప్పు వడియాలు కూడా మోయలేదని నాకు తెలియలేదు. నన్ను తర్వాత చెరలో వేద్దురుగాని, ముందు మీరు బయటికి నడవండి. ఈ సభామంటపమూ ఆయన కట్టించిందే. పైన రాణిగారి వడియాలు నాలుగు చాపల నిండా ఎండుతున్నాయి."

రాజుగారు పైకి చూశారు. కిరీటం పట్టుకుని ఒక్క పరుగున బయటపడ్డారు. తీరా చూస్తే ఆయనకన్నా ముందే మంత్రిగారు వాకిట్లో ఆయాసపడుతున్నారు!

నూకాలు సత్రానికి వెళ్లిపోయింది. మంత్రిగారు చెరసాలలో క్షేమంగా ఉన్నారు. దాన్ని ఆయన కట్టించలేదు.

ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి నాయనా. చెప్పేముందు మాత్రం ఒక్కసారి పైకప్పు చూసుకోండి.