మిగిలిన కేబుల్

ఖాసిం ఉస్తాద్ దగ్గర నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్న ప్రభుదాసు ఒంటరిగా చేసిన మొదటి పని అది. కొత్త ఆసుపత్రిలో ఐదు నెట్‌వర్క్ స్విచ్చులను ఒకదానిమీద ఒకటి బిగించి, ఐదూ ఒక్కటిగా పనిచేసేలా వెనక కేబుళ్ళతో కలపాలి. పడకల పక్కనుండే మానిటర్లన్నీ వాటి ద్వారానే నర్సు బల్లమీది తెరకి చేరతాయి. రోగులు రేపు పొద్దున వస్తారు. పని ఉస్తాద్‌కి నచ్చితే ఆ గది తాళంచెవులు ఇక ప్రభుదాసువే.

మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చారు.

"అన్నీ పచ్చలైట్లే, ఉస్తాద్. నాలుగు సందులకీ నాలుగు పొట్టి కేబుళ్ళు సరిపోయాయి. ఈ పొడుగుది మిగిలింది. పారెయ్యకుండా దాచాను."

చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు కూడా వేశాడు. ఉస్తాద్ దాన్ని తీసుకుని స్టూలు మీద పెట్టారు.

"సునందమ్మా, కాస్త తెర చూస్తూ ఉండు" అని బయటి నర్సుకి కేక వేసి, వెనక్కి చెయ్యి పోనిచ్చి, రెండో స్విచ్చుకీ మూడోదానికీ మధ్యనున్న కేబుల్ పీకేశారు.

"అయ్యో! కింది వార్డు మొత్తం పోయింది. పద్దెనిమిది పడకలు!" బయటినుంచి సునందమ్మ అరిచింది.

"మీరు పీకారు కాబట్టి పోయింది, ఉస్తాద్." ప్రభుదాసు గొంతు తగ్గింది. "అయినా ఖాళీ పడకలే కదా."

"ఈ పూటకి."

ప్రభుదాసు కేబుల్ మళ్ళీ పెట్టాడు. కింది మూడు స్విచ్చులూ ఆరిపోయి, మొదట్నుంచీ మేలుకోవడం మొదలెట్టాయి. ఏడు నిమిషాలు పట్టింది. అంతసేపూ అతను నర్సు వెనక నిలబడి, తెరమీది పద్దెనిమిది నల్లటి గళ్ళను చూస్తూనే ఉన్నాడు.

తర్వాత ఎవరూ చెప్పకుండానే స్టూలు మీది కేబుల్ అందుకున్నాడు. రబ్బరు బ్యాండు తీసి, ఒక కొస అట్టడుగు స్విచ్చుకీ రెండోది అన్నిటికంటే పైదానికీ తగిలించాడు. వరసగా ఉన్న ఐదూ ఇప్పుడు ఒక వలయంలా కలిశాయి. ఒక నిమిషం ఆగాడు. ఇందాక ఉస్తాద్ పీకిన కేబుల్‌నే ఈసారి తన చేత్తో పీకాడు.

"ఏమైంది, సిస్టర్?"

"ఏం కాలేదే. ఇంకా పీకలేదా?"

ప్రభుదాసు దాన్ని నెమ్మదిగా మళ్ళీ బిగించాడు.

"రేపు ఊడేది ఇదేనని మీకెలా తెలుసు, ఉస్తాద్?"

ఉస్తాద్ తాళంచెవులు అతని చేతిలో పెట్టారు.

"ఏది ఊడుతుందో తెలిస్తే, ఆ ఒక్కదాన్నే గట్టిగా బిగించి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయేవాణ్ణి, బేటా."