తేర్చే తొట్టిలో కొబ్బరికాయలు

నమ్మని పెద్దమనుషులెవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. మధ్యలో గొణిగితే మాత్రం ఊరుకోను. మొగలంక ఆశ్రమంలో నిర్గుణయ్యగారి దగ్గర నేనున్న ఏడాది గోదావరికి వచ్చినంత ఎర్రటి వరద భూమ్మీద మళ్ళీ రాలేదు. దోసిట్లోకి తీసుకున్న నీళ్ళతో కుండ చేసి ఆరబెట్టుకోవచ్చు, అంత మట్టి!

ప్రశ్నకు వెంటనే జవాబివ్వడం గురువుగారి అలవాటు కాదు. ఆ ఉదయం శిష్యుడు శేషశాయి అడిగాడు: "స్వామీ, ధ్యానానికి కూర్చోగానే రోజంతా విన్నవీ అన్నవీ వచ్చి మనసును మూసేస్తున్నాయి. ఇంకెంత పట్టుగా కూర్చోవాలి?"

గురువుగారు కండువా సర్దుకుని, "ఊళ్ళోకి నీళ్ళు వదిలారా?" అన్నారు.

వదల్లేదు. ఏటి నడుమనున్న ఆ లంకకంతటికీ ఆశ్రమంలోని వడపోత యంత్రమే తాగునీటికి ఆధారం. అందులోని సన్నని పొరలు మట్టినీ క్రిములనీ ఆపి నీటిని మాత్రమే పోనిస్తాయి. యంత్రం బాధ్యత శేషశాయిది. ఆ పొరల మీద అతనికెంత గురి అంటే, ముందుగా పటిక కలిపి నీటిని తేర్చే తొట్టి ఇంకెందుకని, దాన్నిండా కొబ్బరికాయలు పోయించాడు. ఏటి నీరు సూటిగా పొరల మీదికే! అవి కాస్తా పూడుకుపోయాయి. కడిగితే కాసేపు ధార, మళ్ళీ బొట్లు. ఊళ్ళో అప్పటికే ఏటి నీళ్ళు తాగిన పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి.

గేటు దగ్గర బిందెల వరస. అందరికన్నా ముందున్న ముసలావిడ కేకేసింది: "ఏం సాములూ, ఇయ్యాల మీ మిషనుకీ ఏకాదశేనా? మా మనవడికి ఆ బురదే పట్టమంటారా?"

శేషశాయి మొహం మాడిపోయింది. మోటారు జోరు పెంచబోయాడు. "ఇంకాస్త గట్టిగా తోస్తే దిగుతుంది స్వామీ!"

"తోసినకొద్దీ మట్టి ఇంకా అతుక్కుంటుంది. ఆపు. ముందు ఆ కాయలు తియ్యండి."

తీసింది నేనే. నా విసురుకు కాయలు ఆవలి ఒడ్డున పడి, అక్కడ తోపే లేచింది. తొట్టి కడిగి, ఏటి నీరు నింపి, పటిక కలిపాం. శేషశాయి తెడ్డు పుచ్చుకుని మజ్జిగ చిలికినట్టు చిలకడం మొదలెట్టాడు.

"నెమ్మదిరా నాయనా. నలకలు ఇప్పుడిప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి. విడగొట్టకు," అని గురువుగారు తెడ్డు నా చేతికిచ్చారు. నేనెంత మెత్తగా తిప్పానంటే, తెడ్డు మీద సీతాకోకచిలుక వాలి కునుకు తీసింది.

నలకలు విరిగిన పాలలా ముద్దకట్టాయి. గురువుగారు తెడ్డు తీయించి, గట్టు మీద కూర్చోమన్నారు.

"జనం నిలబడి ఉంటే కూర్చోవడమా?" అన్నాడు శేషశాయి. గురువుగారు తామే ముందు కూర్చున్నారు. మట్టి మెల్లగా అడుగుకు దిగింది. పైన తేట మిగిలింది. పొరలను వెనకనుంచి నీళ్ళు తోసి కడిగి, ఆ తేటను వాటి మీదికి వదిలాం. మోటారు నిదానంగానే ఉంది, ధార మాత్రం తెగలేదు.

ముసలావిడ దోసిలి పట్టి తాగింది. "ఇదేదో పొద్దున్నే చెయ్యకూడదూ?" అని, బిందె నింపుకుని చంకనెత్తుకుంది.

శేషశాయి గురువుగారి దగ్గరికొచ్చి, "స్వామీ, నేనడిగింది..." అని నసిగాడు.

"రేపు ధ్యానానికి కాస్త ముందుగా రా. లోపలికి రాకు. మెట్ల మీద కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యను?"

"తెడ్డు పట్టుకోకు," అన్నారు గురువుగారు.

ఇందులో నేను కల్పించింది ఒక్క అక్షరం లేదు. చంకన బిందెతో ఆగి మరీ విన్న ఆ ముసలావిడ మొగలంకలోనే ఉంది. వెళ్ళి అడగండి: నాగిడి పల్లాలమ్మ.